తీర్పు చదివినవారెవరు?

పక్షపాతమనునది ఇతరులయందు కన్పించినంత స్పష్టముగా మనయందు మనకు కన్పించదు. కాటుక కంటికెంత దగ్గరగా నున్నను అద్దము లేనిదే కన్ను దానిని చూడజాలదు గదా! నాకు ఆ యద్దమును పట్టి చూపినది మా అక్క. ఆమె చూపిన నాటికి నాకు పండ్రెండేండ్లు. అందులోని ముఖము నాదేయని నాకు తెలిసిన నాటికి అరువది దాటినవి.

ఈ సంగతి ఇప్పుడు వ్రాయుటకు కారణమొకటి కలదు. మా అక్క మనుమరాలు అమెరికాలో న్యాయశాస్త్రము చదువుచున్నది. అచ్చటి తెలుగువారిలో రెండు కుటుంబములు, ప్రతి యుగాదికిని ఒకే చోట పచ్చడి కలుపుకొనినవారు, ఆ దేశపు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకమును గూర్చి వాదించుకొని తుదకు మాటలు మానుకొనిరని ఆ బిడ్డ ఫోనులో చెప్పి నవ్వెను. "చిన్నమ్మమ్మా, జడ్జీల కోసం కూడా మనుషులు ఇట్లా విడిపోతారా?" అని యడిగెను. నేను నవ్వలేకపోతిని. ఒక తీర్పు నిమిత్తమై మా యింటనే ఒక తలుపు పదునైదేండ్లు మూతబడి యుండెను.

మాది మార్కాపురము. మా తరువాతి తరము పిల్లలకు మార్కాపురము, గిద్దలూరు అనగానే ఒంగోలు తలంపునకు వచ్చుచుండెను. కాని ఒంగోలు ముఖ్యస్థానముగా కొత్త జిల్లా ఏర్పడినది 1970 ఫిబ్రవరి 2వ తేదీన. అంతకుముందు మా తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. అచ్చట మేము తూర్పు కొనవారము, పిదప పడమటి కొనవారమైతిమి. ఊరు కదలలేదు, గుండ్లకమ్మ కదలలేదు, నల్లమల కదలలేదు. కాగితము మీది గీత మాత్రము కదలెను. ఏ జిల్లాలో నున్నను కొనను నుండుటయే మాకు ప్రాప్తమైనది. కొనను ఉన్నవారికి రాజధాని కబురు ఆలస్యముగా చేరును. రాజధాని కక్షలు మాత్రము వెంటనే చేరును.

మా నాయన పలకల వ్యాపారి. ఊరి వెలుపలి గనులలో రాయి తీయించి, చీల్పించి, చట్రము బిగించి దూరదేశములకు పంపుచుండెను. లోకములోని బిడ్డలందరు అక్షరములు దిద్దుకొను పలకలు మా యింటనుండియే పోవుచున్నవని ఆయనకు గర్వము. మా మేనమామ కర్నూలులో వకీలు. ఇద్దరును ఖద్దరు ధరించినవారే, ఇద్దరును కాంగ్రెసువారే. అయినను ఒకరిది ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారి వర్గము, మరియొకరిది ఆయనకు గిట్టనివారి వర్గము. వేరువేరు పక్షములవారి నడుమ కొంత మర్యాదయైన మిగులును. ఒకే పక్షములోని రెండు వర్గముల నడుమ అదియు మిగులదు. దాయాదుల పోరు ఎట్టిదో మన పల్లెలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్లుండగా మా అక్క మామయ్య యింట నుండి కర్నూలు కళాశాలలో పీ.యు.సీ. చదువుచుండెను. ఆ కాలమున మా బంధువులలో కళాశాల గడప త్రొక్కిన ఆడపిల్ల ఆమె యొక్కతెయే. ఆమెను పంపుటకు నాయనను ఒప్పించినవాడు మామయ్యయే. ఆ విషయమున ఆయనకు మేమందరము ఋణపడి యుంటిమి.

1964 జనవరి 29వ తేదీన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరుగు దారులను ప్రభుత్వ రోడ్డు రవాణా సంస్థ తీసికొనుటకు పథకములు సిద్ధపరచగా, బస్సుల యజమానులు కోర్టుకెక్కిరి. జిల్లా పడమటి భాగపు దారులను ముందుగా పట్టుకొనుటకు ప్రజాసౌకర్యము కారణము కాదనియు, 1962 ఎన్నికలలో తాము ముఖ్యమంత్రికి ప్రతికూలముగా నుండుటయే కారణమనియు వారి యారోపణ. హైకోర్టులో ఓడిన యజమానులు సుప్రీంకోర్టులో గెలిచిరి. పథకములు దురుద్దేశపూరితములని తేల్చి కోర్టు కొట్టివేసెను. ఒక ముఖ్యమంత్రి ఉద్దేశమును గూర్చి దేశపు అత్యున్నత న్యాయస్థానము అట్లు చెప్పుట సామాన్యమైన విషయము కాదు. సంజీవరెడ్డిగారు పదవిని వదలుకొనిరి. ఫిబ్రవరి 29న కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి.

రైలులో వచ్చిన పత్రిక మా యింటి అరుగు మీద చదువుట నా పని. నాయన స్నేహితులు పదిమంది చుట్టును గూర్చుండి వినుచుండిరి. నేను చదువుట ముగియకమునుపే ఒకరు "ఆ జడ్జీ వాళ్ల వర్గపోడే" అనిరి. మరియొకరు "ఢిల్లీలో ఎవరో చక్రం తిప్పినారు" అనిరి. నాయన మాటలాడలేదు. మూడవనాడు మామయ్యనుండి జాబు వచ్చెను. అందులో ఇంటి క్షేమమునకు మూడు వాక్యములు, తీర్పునకు రెండు పుటలు. ధర్మము జయించెననియు, ఇకనైనను కండ్లు తెరువుమనియు వ్రాసెను. నాయన ఆ జాబును మడచి చొక్కాజేబులో పెట్టుకొని ఆ రాత్రియే బయలుదేరెను.

నంద్యాలనుండి నల్లమలను చీల్చుకొని గిద్దలూరు మీదుగా వచ్చు మీటరుగేజీ రైలులో ఆయన అక్కను, ఆమె ట్రంకుపెట్టెను తీసికొని వచ్చెను. పరీక్షలకింక అయిదారు వారములే గడువు. "శత్రువుల యింట నా బిడ్డ అన్నం తినదు" అని అమ్మతో చెప్పెను. శత్రువనగా అమ్మకు తోడబుట్టిన అన్న. అమ్మ వంటింటిలోనికి పోయి పొయ్యిలోని కట్టెను ముందుకు త్రోసెను. ఇంకేమి చేయగలదు?

ఆ సాయంకాలము అరుగు మీద మరల అదే చర్చ. జడ్జీలను, వారి పుట్టుపూర్వములను, వారి కులములను విప్పుచుండిరి. అక్క వాకిటికి వచ్చి తలుపు పట్టుకొని నిలిచి, "నాయనా, ఆ తీర్పు మీలో ఎవరైనా చదివినారా?" అని యడిగెను. ఎవరును పలుకలేదు. "జడ్జీ ఏమని రాసినాడో తెలియకుండా ఆయన ఎవరివాడో మాత్రం ఎట్లా తెలిసింది?" అనెను. నాయన తలయెత్తి "ఆడపిల్లవు, నీకెందుకమ్మా?" అనెను. "నా పరీక్ష పోయింది గనుక" అని చెప్పి ఆమె లోనికి పోయెను. ఆ వేసవిలోనే ఆమెకు వివాహమాయెను. మామయ్య పెండ్లికి రాలేదు. 1979 లో ఆయన చనిపోయిన పిమ్మట గాని నాయన ఆ యింటి గడప త్రొక్కలేదు.

నేను ఆ తీర్పును చదివినది అర్ధశతాబ్దము పిదప. చదివి నివ్వెరపోతిని. వ్రాసిన న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు. అందు రాజకీయోపన్యాసము లేదు, ఒకరిపై నింద లేదు, మరియొకరిపై ప్రశంస లేదు. ఉన్నదెల్ల ఒక సామాన్యమైన తర్కము. ఆరోపణ ముఖ్యమంత్రి మీద వచ్చినది. దానిని ప్రమాణపూర్వకముగా కాదనవలసినవాడు ఆయనయే. ఆయన ప్రమాణపత్రము దాఖలు చేయలేదు. ఆయన మనస్సులో ఏమున్నదో ఇతర అధికారులు ప్రమాణము చేసి చెప్పిన చెల్లదు. కావున సాక్ష్యములో ఉన్న ఆరోపణ జవాబు లేక నిలిచిపోయెను. ఇంతే. మా అరుగు మీదివారు తలచినట్లు ఇది ఒక వర్గపు జడ్జీ పని కాదు. మామయ్య తలచినట్లు ఆయన వర్గపు జయమును కాదు. అడిగినదానికి జవాబు చెప్పని అధికారము న్యాయస్థానమున నిలువజాలదని మాత్రమే ఆ తీర్పు చెప్పినది. ఆ మాట మా రెండిండ్లలో నొకరికైన చేరియున్న, అక్క పరీక్ష వ్రాసియుండెడిది.

ఇచ్చట ఒక సంగతి సంజీవరెడ్డిగారి పక్షమున చెప్పవలెను. అరుగు మీద నావలె ఆయన పక్షపు మాటలు వినుచు పెరిగినదానను గనుక మాత్రమే కాదు, సత్యము గనుక. ఆయన ఆ న్యాయస్థానమును దూషింపక పదవినుండి దిగిపోయెను. 1969 లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అధికార అభ్యర్థిగా నిలువగా, స్వపక్షమే రెండుగా చీలి మరియొక తెలుగువాడైన వి.వి. గిరిగారిని గెలిపించెను. 1977 లో సంజీవరెడ్డిగారు పోటీ లేకయే ఆ పదవి నధిష్ఠించిరి. రాజ్యాంగము ప్రకారము న్యాయమూర్తుల నియామకము రాష్ట్రపతి పేరనే జరుగును. ఒకప్పుడు న్యాయస్థానము ఎవరి ఉద్దేశమును శంకించెనో ఆయన చేవ్రాలుతోనే అయిదేండ్లు న్యాయమూర్తులు పీఠమెక్కిరి. న్యాయవ్యవస్థ వ్యక్తుల కక్షలకంటె దీర్ఘాయుష్మంతమైనదని దీనివలన తెలియుచున్నది.

అయితే ఆ యాయుష్షు తనంతట తాను నిలువదు. 1973 ఏప్రిలులో కేశవానంద భారతి తీర్పు వెలువడిన మరునాడే ముగ్గురు పెద్ద న్యాయమూర్తులను దాటవేసి ఏ.ఎన్. రాయ్‌గారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించిరి. ఆ ముగ్గురును ప్రభుత్వమునకు రుచింపని తీర్పు చెప్పినవారు. అప్పుడు రాష్ట్రపతి గిరిగారే. అత్యయికస్థితి కాలమున 1976 లో పదునారుగురు హైకోర్టు న్యాయమూర్తులను రాష్ట్రములు మార్చిరి. మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఓబుల్ రెడ్డిగారిని గుజరాతునకును, అచ్చటి ప్రధాన న్యాయమూర్తి దివాన్‌గారిని ఇచ్చటికిని పంపిరి. అట్లే గుజరాతునుండి ఇచ్చటికి మార్చబడిన సేఠ్‌గారు తన బదిలీని తానే కోర్టులో ప్రశ్నించెను. బదిలీయనునది తహసీలుదారునకు పరిపాలనా విషయము. న్యాయమూర్తికి అది కొరడాయు కావచ్చును.

ఈ దోషము ప్రభుత్వములదే యనుట సులభము. కాని పీఠముననున్నవారును రాజకీయపు వాకిలి వంక చూచిన సందర్భములు కలవు. 1954 లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. పిదప భారత ప్రధాన న్యాయమూర్తియై, 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పుతో ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదని చెప్పిన ధీరుడు. ఏప్రిలులో రాజీనామా యిచ్చి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలిచి జాకీర్ హుస్సేన్‌గారి చేత నోడిపోయెను. ఆయన నిజాయితీని నేను శంకింపను. కాని ఫిబ్రవరి తీర్పును ఏప్రిలు రాజీనామా వెలుగులో చదువుకొను అవకాశమును విరోధుల కిచ్చినవాడు ఆయనయే. ఈనాటికిని అంతే. ఎస్. అబ్దుల్ నజీర్‌గారు సుప్రీంకోర్టునుండి 2023 జనవరి 4న విశ్రాంతి పొంది, 40 దినములు నిండకమునుపే మన రాష్ట్రమునకు గవర్నరుగా నియమింపబడిరి. ఇందు చట్టవిరుద్ధమేమియు లేదు. కాని న్యాయమూర్తికి చట్టము చాలదు, ఎడము కావలెను. రెండేండ్లయిన ఎడము లేనిచో సామాన్యుడు తీర్పును చదువుట మాని జాతకము చదువును.

ఇక మా మనుమరాలి అమెరికా సంగతి. అచ్చట అధ్యక్షుడు పేరు సూచించును, సెనేటు ఆమోదించును. అంతయు బహిరంగము. అట్లయినను పక్షపాతము పోయినదా? 2016 ఫిబ్రవరిలో న్యాయమూర్తి స్కాలియా మరణింపగా అధ్యక్షుడు ఒబామా మార్చిలో గార్లండును సూచించెను. ఎన్నికల సంవత్సరము గనుక ప్రజలే నిర్ణయింపవలెనని రిపబ్లికనులు విచారణయైన జరుపలేదు. 2020 సెప్టెంబరులో న్యాయమూర్తి గిన్స్‌బర్గు మరణింపగా, ఆ పక్షమే ఎన్నికలకు 8 దినముల ముందు బారెట్టును 52 ఓట్లకు 48 ఓట్లతో పీఠమెక్కించెను. డెమొక్రాటులును ముత్యములు కారు. క్రింది కోర్టుల నియామకములకు సెనేటులో సామాన్యాధిక్యము చాలునని 2013 లో మొదట నియమము మార్చినవారు వారే. 2017 లో రిపబ్లికనులు దానిని సుప్రీంకోర్టునకును పొడిగించిరి. ఒకరు త్రవ్విన గోతిని మరియొకరు లోతు చేసిరి.

అయినను ఆ దేశచరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము, మిక్కిలి నచ్చని ఘట్టము రెండును అంతఃకలహములే. 1937 లో రూజ్వెల్టు తన చట్టములను కొట్టివేయుచున్న సుప్రీంకోర్టులో మరి ఆరుగురిని చేర్చుటకు వీలగు బిల్లు తెచ్చెను. సెనేటులో ఆయన పక్షమునకే గొప్ప ఆధిక్యము. అయినను ఆ పక్షమువారే పలువురు ఎదురు తిరుగగా, జులైలో 70 ఓట్లకు 20 ఓట్లతో ఆ బిల్లు వెనుకకు పంపబడి నశించెను. 2005 లో అధ్యక్షుడు బుష్ హారియట్ మయర్సును సూచింపగా స్వపక్షమువారే నెల తిరుగకమునుపే ఆమెను తప్పుకొనునట్లు చేసిరి. ఆమె యనుభవము చాలదనినవారు కొందరు కలరు. కాని ఆమె తప్పక మన పక్షముననే తీర్పు చెప్పునని నమ్మకమేమి యని యడిగినవారే బిగ్గరగా నడిగిరి. రెండును ఇంటిపోరులే. ఒకదానిలో తమవాడైనను తప్పు తప్పే యనిరి. రెండవదానిలో తప్పొప్పులటుంచి తమవాడగునా కాడా యనిరి. పక్షములో భిన్నాభిప్రాయము దోషము కాదు. అది దేనికొరకు పుట్టినదో దానినిబట్టి అది పౌరుషమో రోగమో కాగలదు.

మన దేశమున 1993 తీర్పుతో నియామకములు ప్రభుత్వము చేతినుండి న్యాయమూర్తుల మండలి చేతికి పోయినవి. పార్లమెంటు 2014 లో తెచ్చిన నియామక కమిషనును సుప్రీంకోర్టు 2015 అక్టోబరు 16న నలుగురి మాటమీద కొట్టివేసెను. భిన్నముగా వ్రాసిన అయిదవవాడు కృష్ణాజిల్లాలో పుట్టిన మన జాస్తి చలమేశ్వర్‌గారు. మండలి వ్యవహారము ప్రజలకు గాని చరిత్రకు గాని అందని చీకటిలో నున్నదని ఆయన వ్రాసెను. మరుసటి యేడు, చర్చలను వ్రాతలో నుంచనిదే సమావేశములకు రానని చెప్పెను. 2017 అక్టోబరునుండి మండలి తీర్మానములను ప్రకటించుట మొదలాయెను. అవి కొంతకాలము కారణములతోడను, కొంతకాలము కారణములు లేకయు వెలువడినవి.

2020 అక్టోబరులో మన ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారు సుప్రీంకోర్టు న్యాయమూర్తి రమణగారిపై ఫిర్యాదు చేయుచు ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసిరి. ఆ దినములలో మా వీధిలోని ప్రతి అరుగును 1964 నాటి అరుగే ఆయెను. నేనును ఒక పక్షమున చేరి, ఆ న్యాయమూర్తి ఎవరివాడో నాకు తెలియునన్నంత ధీమాతో మాటలాడితిని. ఏ పక్షమున చేరితినో చెప్పను, చెప్పిన పాఠకులు ఇక్కడనే రెండుగా చీలుదురు. 2021 మార్చిలో, అంతర్గత విధానము ననుసరించి పరిశీలించి ఫిర్యాదును త్రోసివేసితిమని సుప్రీంకోర్టు ప్రకటించెను. ఆ పరిశీలన వివరములు రహస్యములనియు చెప్పెను. నాకు అక్క ప్రశ్న జ్ఞప్తికి వచ్చెను. 1964 లో చదువుటకు తీర్పుండెను, చదివినవారు లేరు. 2021 లో చదువుదమన్నను చదువుటకు కాగితమే లేదు. మొదటిది మన దోషము, రెండవది వారి దోషము. ఈ రెండింటి నడుమనే వదంతి కాపురముండును.

కావున నేను కోరునవి మూడే. న్యాయమూర్తిని నియమించినను, కాదన్నను, బదిలీ చేసినను కారణము వ్రాసి ప్రకటింపవలెను. పీఠము దిగిన రెండేండ్లవరకు ఏ ప్రభుత్వము చేతిమీదుగను పదవి పొందరాదు. మూడవది ప్రభుత్వమును గాని కోర్టును గాని కోరునది కాదు, మనలను కోరునది: తీర్పును చదువనిదే న్యాయమూర్తిని తిట్టకుందము, పొగడకుందము. మొదటి రెంటికి చట్టము కావలెను. మూడవదానికి ఒక సాయంకాలము చాలును.

అట్టి సాయంకాలమొకటి నాకు దక్కినది. కొన్నియేండ్ల క్రిందట ఆ 1964 తీర్పును అచ్చు తీయించుకొని అక్క యింటికి పోతిని. ఆమెకు కంటిచూపు తగ్గినది. చిన్ననాడు అరుగు మీద పత్రిక చదివినట్లే, ఒక్కొక్క పుటను తెలుగున చెప్పుచు చదివితిని. ఆమె కండ్లు మూసికొని వినెను. ముగిసిన పిదప చాలసేపు ఊరకుండి, "అయితే ఆయన్ని అడిగినదానికి ఆయన జవాబు చెప్పలేదన్నమాట" అనెను. అవునంటిని. "మన నాయనా చెప్పలేదు" అనెను.

ఆ మాటలో కోపము లేదు. ఏబది యేండ్లనుండి దస్త్రములో నిలిచిపోయిన యొక వ్యాజ్యమును ఆమె ఆనాడు తానే ముగించినట్లు నాకు తోచెను. మనుమరాలు మరల ఫోను చేసినప్పుడు ఈ కథయంతయు చెప్పితిని. విడిపోయిన ఆ రెండు కుటుంబములను ఒకచోట కూర్చుండబెట్టి, వారు పోట్లాడుకొనిన న్యాయమూర్తి వ్రాసిన తీర్పు నొకదానిని చదివి వినిపింపుమంటిని. వారు వినుదురో లేదో తెలియదని ఆ బిడ్డ యనెను. పక్కనున్న అక్క ఫోను తన చేతికి తీసికొని, "వినకపోతే పోనీ తల్లీ, నువ్వు మాత్రం పరీక్ష రాయి" అనెను.